వరంగల్ నుంచి రాతి తీరానికి: విశాఖా, గోకర్ణా, వర్కలా?

కొండ అంచు సముద్రంలోకి దిగాలి. దాని కింద రాళ్ల మధ్య నిలిచిన నీటిలో పీతలు, నత్తలు, చిన్న చేపలు కనిపించాలి. చుట్టూ జనం, బజ్జీల బండ్లు, స్పీకర్ల మోత ఉండకూడదు. సముద్రానికి వెళ్దామనుకునే వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వాళ్లు చాలామంది కోరేది ఇదే. అయితే ఈ మూడు కోరికలూ ఒకే తీరంలో పూర్తిగా తీరవు. కొండ అంచు గొప్పగా ఉన్న చోట మడుగులు తక్కువ. మడుగులు బాగున్న చోటు నగరానికి ఆనుకుని ఉంటుంది. ఏకాంతం ఉన్న చోటికి సామాను మోసుకుంటూ నడవాలి. కాబట్టి మూడింటిలో ఏది వదులుకోలేరో ముందు తేల్చుకోండి. ఆ తర్వాత తిథి చూడండి. ఊరు, రైలు, గది అన్నీ దాని తర్వాతే.

తిథి ఎందుకో చెప్పేముందు, తెలుగు తీరంలో రాయి ఎక్కడుందో చూద్దాం. వరంగల్‌కు దగ్గరలో ఉన్న సముద్ర తీరాల్లో అందరికీ తెలిసినది బాపట్ల పక్కనున్న సూర్యలంక. విజయవాడ మీదుగా చెన్నై వైపు వెళ్లే కొన్ని రైళ్లు బాపట్లలో ఆగుతాయి, అక్కడి నుంచి తీరం ఆటో దూరమే. కానీ అది పూర్తిగా ఇసుక తీరం. బందరు దగ్గరి మంగినపూడి, కోనసీమ తీరాలు కూడా కృష్ణా, గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు, ఇసుకతో ఏర్పడినవే. కాళేశ్వరంలో మనం స్నానం చేసే గోదావరి మోసుకుపోయిన మట్టి కూడా అక్కడ ఉంది. అలాంటి చోట రాతి మడుగుల కోసం వెతకడం దండగ. ఊహ తెలియని పిల్లలకు మొదటిసారి సముద్రం చూపించాలంటే సూర్యలంక చాలు, అంత దూరం వెళ్లక్కర్లేదు. రాయి కావాలంటే మాత్రం గోదావరి దాటి, తూర్పు కనుమలు సముద్రాన్ని తాకే విశాఖ దాకా పోవాల్సిందే.

క్యాలెండర్ ముందు, టికెట్ తర్వాత

రాతి మడుగులు ఆటు సమయంలోనే, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడే బయటపడతాయి. పోటు మీద వెళితే అవే రాళ్ల మీద అలలు విరుచుకుపడుతుంటాయి, దగ్గరికి పోవడం కూడా ప్రమాదం. రోజుకు రెండు ఆటులు, రెండు పోటులు. ఒక ఆటుకూ తర్వాతి ఆటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందువల్ల ఈరోజు కంటే రేపు ఆటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వచ్చే అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎక్కువ ఎగసి, ఎక్కువ తగ్గుతుంది. ఆ తిథి దాటిన ఒకటి రెండు రోజులకు ఈ తేడా గరిష్ఠానికి చేరుతుంది. అష్టమి దగ్గరికి వచ్చేసరికి సముద్రం వెనక్కి తగ్గిందో లేదో కూడా తెలియదు. విశాఖలో అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటుకూ ఆటుకూ మధ్య తేడా సుమారు 1.4 మీటర్లు ఉంటే, అష్టమి దగ్గర అర మీటరు మాత్రమే. తేడా ఇంత తక్కువగా ఉండే తీరంలో తప్పు తిథికి వెళ్లడమంటే తాళం వేసిన ఇంటికి చుట్టపు చూపుగా వెళ్లడమే.

దీని మీద ఇంకో లెక్క ఉంది, దాన్ని పర్యాటక పుస్తకాలు సాధారణంగా పట్టించుకోవు. విశాఖ దగ్గర బంగాళాఖాతం సగటు నీటిమట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. తీరం వెంట సాగే ప్రవాహాలు, గాలులు, నీటి ఉప్పదనం మారడం వల్ల ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు మట్టం తక్కువగా, అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువగా ఉంటుంది. అంటే ఒకే పౌర్ణమి ఆటు మార్చిలో చూపించే రాళ్లను అక్టోబరులో చూపించదు.

ఇప్పుడు మన పండుగలను ఈ లెక్కలో పెట్టి చూడండి. మనకు పొడవైన సెలవులు దొరికేది బతుకమ్మ, దసరాలకు. ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడు వస్తుంది కానీ ఇంట్లో ఆడవాళ్లను ఆ రోజు ఊరు కదిలించగలిగిన వాళ్లెవరూ నాకు తెలియదు. సద్దుల బతుకమ్మ అష్టమి దగ్గర, దసరా దశమి నాడు. ఆటు బలహీనంగా ఉండే రోజులవే, సముద్ర మట్టం ఏడాదిలో ఎక్కువగా ఉండే కాలం దగ్గరపడేది కూడా అప్పుడే, పైగా తుపానుల భయం. మడుగుల కోసమైతే దసరా సెలవులు అన్నిటికంటే చెడ్డ ఎంపిక. ఏడాది పొడవునా దాచుకున్న సెలవులను చాలా కుటుంబాలు వాడేది మాత్రం అప్పుడే.

సంక్రాంతి సూర్యమానం ప్రకారం వచ్చేది కాబట్టి ఆ రోజు ఏ తిథి పడుతుందో ఏటా మారుతుంది. రైళ్లలో చోటు దొరకనిది మాత్రం ఏటా మారదు. మాఘ పౌర్ణమి మంచి సమయమే, కానీ రెండేళ్లకోసారి అవే రోజుల్లో మేడారం జాతర వస్తుంది. ఆ ఏడాది వరంగల్ నుంచి బస్సు, రైలు ఏదైనా సముద్రం వైపు కాకుండా అమ్మవార్ల వైపే అనుకోండి. మహాశివరాత్రి అమావాస్యకు ముందురోజు. హోలీ పౌర్ణమి. ఉగాది అమావాస్య మరునాడు. ఈ మూడూ సముద్ర మట్టం తక్కువగా ఉండే నెలల్లో, నీరు బాగా వెనక్కి తగ్గే తిథుల్లోనే వస్తాయి. శివరాత్రి జాగారం ఇంటి దగ్గరే చేసుకుని, మరునాటి సాయంత్రం రైలెక్కితే విశాఖలో దిగేది సరైన రోజున. ఇంట్లో ఇంటర్ విద్యార్థి ఉంటే ఇది కుదరదు, పరీక్షలు అప్పుడే. వాళ్లకు పుష్య పౌర్ణమి, పుష్య అమావాస్యల దగ్గరి శని, ఆదివారాలు మేలు.

తిథి చూశాక గంట కూడా చూడాలి. ఆటు రాత్రి రెండు గంటలకు వస్తే మనకు ఉపయోగం లేదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, తీరంలోని వేర్వేరు చోట్లకు ఆటుపోట్ల సమయాలు, అలల ఎత్తు, హెచ్చరికలు ఇస్తుంది. 1999లో మొదలైన ఈ సంస్థ నుంచే దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలు వెళ్తాయి. సముద్రమే లేని తెలంగాణలో ఉందది.

విశాఖ: మడుగులకు మొదటి స్థానం

రైలు సౌకర్యంలో విశాఖకు పోటీ లేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌ను సాయంత్రం కాజీపేటలోనో వరంగల్‌లోనో ఎక్కితే పొద్దున్నే విశాఖ. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్-విశాఖ వందే భారత్ కూడా వరంగల్‌లో ఆగుతుంది. డబ్బు సంగతి పక్కన పెడితే, రాత్రి ప్రయాణమే నయం. నిద్రలో దారి గడిచిపోతుంది, ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది.

నగరం నుంచి భీమిలి వైపు సాగే బీచ్ రోడ్డు వెంట రాళ్లు వరసగా కనిపిస్తాయి. తెన్నేటి పార్కు కింద, రుషికొండ పక్కన, తొట్లకొండ ఎదురుగా, మంగమారిపేట దగ్గర ఆటులో నీరు తగ్గగానే రాతి పలకలు, వాటి మధ్య గుంతలు బయటపడతాయి. నా ఓటు తొట్లకొండ నుంచి మంగమారిపేట దాకా ఉన్న ముక్కకు. అక్కడ అలలు తొలిచిన సహజ రాతి తోరణం ఉంది, రోడ్డుకు అవతల కొండ మీద బౌద్ధ ఆరామ శిథిలాలున్నాయి, జనం రుషికొండలో ఉన్నంత ఉండరు. రుషికొండకు 2020లో, శుభ్రమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రత, మరుగుదొడ్లు, స్నానాల గదులు కావాలంటే అదే మంచిది. ఏకాంతం కోసం అక్కడికి వెళ్లకండి. వారం మధ్యలో ఉదయపు ఆటు దొరికితే మంగమారిపేట దగ్గర చాలాసేపు మీరూ, వల సర్దుకునే జాలర్లూ తప్ప ఎవరూ ఉండకపోవచ్చు. ఆదివారం సాయంత్రం అయితే ఆ ఆశ పెట్టుకోవద్దు.

మడుగుల్లో ఏముంటాయి? రాయికి అతుక్కుని నీటిలో మెత్తని వేళ్లు చాపుకుని ఉండే అనిమోన్లు, తాకితే ముడుచుకుపోతాయి. చనిపోయిన నత్త వదిలిన గుల్లను ఇల్లుగా మోసుకు తిరిగే పీతలు. ముళ్ల బంతుల్లా ఉండే అర్చిన్లు. రాతిని వదలని చిన్న గొడుగు నత్తలు. ఒక గుంత నుంచి పక్క గుంతకు ఎగిరి దూకే వేలెడంత చేపలు. అదృష్టం బాగుంటే గుల్ల లేని రంగురంగుల సముద్రపు నత్త. వచ్చీ రాగానే ఇవేవీ కనిపించవు. ఒకే మడుగు పక్కన నీడ పడకుండా కూర్చుని, పది నిమిషాలు కదలకుండా చూస్తే ఒక్కొక్కటే బయటికి వస్తాయి. పిల్లలను అలా కూర్చోబెట్టడమే ఈ యాత్రలో అసలు కష్టం. స్థానిక ప్రకృతి ప్రేమికులు అప్పుడప్పుడు ఆటు సమయంలో నడకలు నిర్వహిస్తుంటారు. అది కుదిరితే సొంతంగా తిరగడం కంటే పది రెట్లు చూడగలుగుతారు.

కొండ అంచు విషయంలో విశాఖ కొంచెం నిరాశపరుస్తుంది. ఇక్కడి కొండలు సముద్రం దాకా వస్తాయి కానీ ఎక్కువ చోట్ల ఏటవాలుగా దిగుతాయి, గోడలా నిలబడవు. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక ఉన్న యారాడ చూడటానికి అద్భుతం. మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రం. కానీ అక్కడి నీటి లాగుడు ప్రమాదకరం, అందులో దిగి తిరిగిరాని వాళ్లున్నారు. యారాడను చూడండి, దిగకండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను కూడా కొండ అంచుల లెక్కలో వేసేవాళ్లున్నారు. అవి సముద్రం కోసిన కొండలు కావు, గాలి పేర్చిన ఇసుక, వాన కోసిన లోయలు. భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తింపు పొందినవి. వాటి అంచులు ఎక్కి జారడం మాత్రం చేయకండి, మట్టి వదులుగా ఉంటుంది.

అక్టోబరు సంగతి మళ్లీ ఎందుకంటే, 2020 అక్టోబరులో వాతావరణం పాడై, లంగరు వేసి ఉన్న బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి తెన్నేటి పార్కు దగ్గరి రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. ఓడకే దిక్కు లేని చోట చెప్పులేసుకుని నడిచే మనమెంత!

గోకర్ణ: ఏకాంతానికి

కర్ణాటకలోని గోకర్ణలో కుడ్లే, ఓం, హాఫ్ మూన్, ప్యారడైజ్ తీరాలు వరసగా ఉంటాయి. మొదటి రెండింటికి వాహనమో చిన్న నడకో సరిపోతుంది. తర్వాతి రెండింటికి కొండ అంచుల మీదుగా కాలిబాటే, లేదంటే పడవ. ఆ కాలిబాటే వాటి ఏకాంతాన్ని కాపాడుతోంది. కింద సముద్రం, పక్కన రాతి అంచు, మధ్యలో అడవి. నడవగలిగిన వాళ్లకు ఇది విశాఖ కంటే చాలా పై మెట్టు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే మాత్రం ఓం తీరం దగ్గరే ఆగిపోవాలి.

దూరం పెద్ద చిక్కు. సికింద్రాబాద్ నుంచి గోవాలోని వాస్కోడగామాకు 2024లో మొదలైన రైలు వారానికి రెండు రోజులే. మడ్‌గావ్‌లో దిగి కొంకణ్ రైల్వే రైలెక్కి గోకర్ణ రోడ్ చేరాలి, లేదా హుబ్బళ్లిలో దిగి బస్సులో ఘాట్ దిగాలి. వరంగల్ నుంచి సికింద్రాబాద్ ప్రయాణం కూడా కలిపితే రానూ పోనూ రోజులు కరిగిపోతాయి. నాలుగైదు రోజులు చేతిలో లేకపోతే దీన్ని ఆలోచించకండి.

ఇక్కడ ఆటుపోట్ల తేడా సుమారు ఒకటిన్నర మీటరు, అంటే విశాఖకు దగ్గర. కానీ పడమటి తీరంలో రోజులోని రెండు ఆటులూ సమానంగా ఉండవు, ఒకదానిలో నీరు ఎక్కువ తగ్గుతుంది, రెండోదానిలో తక్కువ. పట్టిక చూసి లోతైనదాన్ని పట్టుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల్లో రాళ్ల దగ్గరికే పోకూడదు. విశాఖకు నేను చెప్పిన శివరాత్రి ఇక్కడ పూర్తిగా తిరగబడుతుంది. గోకర్ణ మహాబలేశ్వరుడి క్షేత్రం, శివరాత్రికి రథోత్సవం, ఊరు నిండా భక్తులు. దర్శనమే కావాలంటే ఆ రోజు రండి, ఏకాంతం కావాలంటే మాఘ పౌర్ణమిని ఎంచుకోండి. శని, ఆదివారాల్లో బెంగళూరు ఇక్కడికి తరలివస్తుంది, కాబట్టి సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి. ప్యారడైజ్ వైపు నీళ్లు, తిండి మీరే మోసుకెళ్లాలి. ఫోను సిగ్నల్ మీద భరోసా వద్దు. చీకటి పడేలోపు కాలిబాట దాటేయాలి.

వర్కల: కొండ అంచుకు

కేరళలోని వర్కల ఒక్క విషయంలో అందరినీ ఓడిస్తుంది. అక్కడ లేటరైట్ అనే ఎర్రరాయి కొండ సముద్రం ఒడ్డున నిటారుగా నిలబడుతుంది, దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. ఢిల్లీ నుంచి తిరువనంతపురం వెళ్లే కేరళ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది కాబట్టి రైలు మారే బాధ లేదు, కానీ ఒక పగలూ రాత్రీ దాటి కూర్చోవాలి. కొండ పైన హోటళ్లు, దుకాణాలు బారులు తీరి ఉంటాయి, ఏకాంతం లేదు. దక్షిణ కేరళలో ఆటుపోట్ల తేడా మీటరు లోపే, అందువల్ల మడుగులు పెద్దగా తేలవు. ఉత్తరంగా ఓడయం, ఎడవ వైపు నడిస్తే జనం పలచబడతారు, రాళ్లు కొన్ని కనిపిస్తాయి. మడుగుల కోసం ఇంత దూరం రావడం నా లెక్కలో నష్టమే. సూర్యాస్తమయం, కొండ అంచు, పాపనాశం స్నానం, జనార్దన స్వామి దర్శనం కలిసి రావాలనుకునే కుటుంబానికి మాత్రం వర్కల బాగుంటుంది.

ముంబై పేరు వింటే నవ్వొస్తుంది కానీ అక్కడ అమావాస్య, పౌర్ణమి ఆటుల్లో నీరు సుమారు నాలుగు మీటర్లు తగ్గుతుంది, హాజీ అలీ, బాంద్రా దగ్గరి రాళ్లు చాలా దూరం బయటపడతాయి. ఏకాంతం శూన్యం. నిజామాబాద్, బాసర వైపు వాళ్లకు దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది కాబట్టి, బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు ఒక ఉదయం దీనికి కేటాయించడం తెలివైన పని. ముంబై పక్కన భీవండిలో చుట్టాలు లేని సిరిసిల్ల, కరీంనగర్ కుటుంబాలు ఎన్ని ఉంటాయి? ఇక మడుగులే ప్రాణమనుకునే వాళ్లకు గుజరాత్‌లో జామ్‌నగర్ దగ్గరి నరారా. మెరైన్ నేషనల్ పార్కులో భాగం, అటవీ శాఖ అనుమతితో ఆటులో పగడాల మధ్య నడవచ్చు. కొండ అంచు లేదు, దూరం చాలా ఎక్కువ.

ఒక్క రోజే ఉంటే సముద్రం మాట మరచిపోండి. హనుమకొండ నుంచి భూపాలపల్లి దారిలో రేగొండ దగ్గర పాండవుల గుట్ట ఉంది. ఇసుకరాతి గోడలు, ఆదిమానవుల చిత్రాలు, వారం మధ్యలో నిజమైన నిశ్శబ్దం. ఉప్పునీరు తప్ప అన్నీ ఉన్నాయి.

మరి ఎవరికి ఏది?

పదేళ్ల పిల్లలు, అమ్మమ్మ, మూడు రోజుల సెలవు ఉంటే కళ్లు మూసుకుని విశాఖ. రోడ్డు పక్కనే రాళ్లు, పెద్దవాళ్లు గట్టు మీద కూర్చోవచ్చు. స్నేహితుల బృందం, బలమైన కాళ్లు, వారం రోజులు ఉంటే గోకర్ణ. కొత్తగా పెళ్లయిన జంటకు అందరూ వర్కల చెబుతారు. నేను గోకర్ణ వారం మధ్యలోనే చెబుతాను. ఒంటరిగా వెళ్లే వాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, హాఫ్ మూన్, ప్యారడైజ్ కాలిబాట కంటే తొట్లకొండ ఉదయపు ఆటు సురక్షితం. పక్కనే రోడ్డు, వాహనాలు ఉంటాయి.

ఎక్కడికి వెళ్లినా ఆటుకు గంట ముందే రాళ్ల దగ్గర ఉండండి, నీరు పూర్తిగా తగ్గే సమయం రాగానే వెనక్కి తిరగండి. ఫోనులో అలారం పెట్టుకోండి, ఎందుకంటే మడుగు చూస్తున్నవాడికి నీరు పెరగడం తెలియదు. సముద్రానికి వీపు చూపించి ఫోటో దిగకండి. హవాయి చెప్పులు ఇంటి దగ్గర వదిలేసి, వెనక పట్టీ ఉన్న రబ్బరు అడుగు చెప్పులు వేసుకోండి. నాచు పట్టిన రాయి జారుతుంది, రాతికి పెరిగిన ఆల్చిప్పలు బ్లేడులా కోస్తాయి. కోన్ ఆకారపు అందమైన గుల్లను చేత్తో తీయవద్దు, లోపల నత్త బతికి ఉంటే విషపు ముల్లుతో పొడుస్తుంది. లేటరైట్ అంచుల కింద, ముఖ్యంగా వాన తర్వాత, కూర్చోవద్దు. పగడాలు, సముద్రపు గుర్రాలు, కొన్ని రకాల గుల్లలు వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి, ఏవీ సంచిలో వేసుకోకపోవడమే మంచిది. ఆపద వస్తే 112, సముద్రంలో అయితే కోస్ట్ గార్డ్ 1554.

బయలుదేరే ముందురోజు ఇన్‌కాయిస్ అలల హెచ్చరిక ఉంటే టికెట్ రద్దు చేయనక్కర్లేదు. విశాఖలో ఆ ఉదయాన్ని తొట్లకొండ మీద బౌద్ధ శిథిలాలకు, మధ్యాహ్నాన్ని బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి ఇచ్చి, మరునాడు ఆటు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని గుర్తుపెట్టుకుని మళ్లీ ప్రయత్నించండి. గోకర్ణలో హెచ్చరిక ఉంటే కాలిబాట కూడా మానేసి ఊళ్లోనే ఉండండి. వర్కలలో కొండ పైనే కాఫీ తాగండి.